రకం తేలని నాణెం

మా మేనత్త ట్రంకు పెట్టె అడుగున కోరా గుడ్డలో ముడివేసిన పదకొండు వెండి రూపాయలు ఉండేవి. మనవరాలి కాలేజీ ఫీజు గడువు దగ్గరపడ్డప్పుడు ఆ ముడి విప్పి నా చేతిలో పోసింది. "ఒరే, ఇయ్యన్నీ ఇట్టోరియా రాణియ్యే. ఏటొస్తాదో కనుక్కో" అంది. ఊళ్లో ఒక కొట్లో పదకొండింటినీ కలిపి తూచి వెండి ధర కట్టారు. ఇంకో చోట చూసినాయన భూతద్దం తీశాడు. ఒకదాన్ని పక్కన పెట్టి, "దీనికి మిగతావాటి కన్నా ఐదువందలు ఎక్కువిస్తాను" అన్నాడు. ఎందుకని అడిగితే "బాగుంది" అన్నాడు, అంతే. పదీ అమ్మి ఆ ఒక్కదాన్నీ వెనక్కి తెచ్చాను.

దాని మీద 1862 అని ఉంది. అంతమాత్రాన అది ఆ ఏడు అచ్చయిందని చెప్పలేం. 1862లో మొదలుపెట్టి పుష్కరకాలం పాటు, 1874 దాకా, రూపాయల మీద అదే సంవత్సరం వేస్తూ పోయారు. బొంబాయి టంకశాల వాళ్లు మాత్రం ఏ ఏటివో తమకు తెలియడానికి తేదీ కింద, కొన్నిట్లో పై భాగంలో కూడా, చిన్న చుక్కలు పెట్టారు. రాణి దుస్తు మీది పట్టీల తీరు, బొరుసు వైపు పూల అలంకారం, ఈ చుక్కల లెక్క కలిపి చూస్తే ఒకే 1862 రూపాయి ఎన్నో రకాలుగా విడిపోతుంది. కొన్ని రకాలు కావలసినన్ని దొరుకుతాయి. కొన్ని జీవితమంతా వెతికినా కంటపడవు. మా అత్త రూపాయి మీద తేదీ కింద చుక్కలు ఉన్నాయి. రెండు స్పష్టంగా ఉన్నాయి. మూడోది చుక్కో, అచ్చులో పగులో, నూరేళ్ల మురికో చెప్పలేకపోయాను. నా కన్నా తెలిసినవాళ్లూ చెప్పలేకపోయారు.

రకం తేలని నాణేన్ని ఏమని చెప్పి అమ్మాలి? ఎంతకు అమ్మాలి? కొనేవాడికి తెలిసి అమ్మేవాడికి తెలియనప్పుడు ఎవరు నోరు విప్పాలి? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత పెట్టెలకు, పాత నాణేలకు కొరత లేదు. వాటిని చదవగలిగినవాళ్లు తక్కువ. అందుకే ఈ ప్రశ్న ఇక్కడ గట్టిగా అడగాలనిపించింది.

ముందు ఒక తేడా చూసుకోవాలి. నాణెం పాతదయ్యేకొద్దీ సందేహం తీరు మారిపోతుంది. ఈ కాలపు నాణెం అయితే ఏ టంకశాలది అన్నదే సందేహం. ఈస్టిండియా కంపెనీ, విక్టోరియా రాణి కాలపుదైతే ఏ ఏడు, ఏ అచ్చు అని. ఇంకా వెనక్కి వెళ్తే అసలు ఏ రాజుది, ఏ శతాబ్దానిది అన్నదే తేలదు. అమ్మేవాడు చెప్పాల్సిన మాట కూడా అందుకు తగ్గట్టు మారాలి.

మన నేలకే చెందిన నాణెం తూర్పు గంగుల బంగారు పణం. కందిబద్దంత ఉంటుంది, అర గ్రాము కూడా తూగదు. ఒక వైపు పడుకున్న నంది, చుట్టూ చంద్రవంక వంటి చిహ్నాలు. రెండో వైపు 'స' అనే అక్షరం, అంటే సంవత్సరం, దాని దగ్గర అంకెలు. రాజు పేరు ఉండదు. ముఖలింగం ఒకప్పటి కళింగనగరం, గంగుల రాజధాని. అక్కడి మధుకేశ్వరాలయం గోడల నిండా దీపాలకు, నైవేద్యాలకు దానాలిచ్చినవాళ్ల పేర్లున్నాయి. ఆ శాసనాలు రాజు పేరు, శకవర్షం, రాజ్యసంవత్సరం విడమరిచి చెబుతాయి. నాణెం మాత్రం ఒక అంకె చూపించి ఊరుకుంటుంది.

కాబట్టి ఆ అంకె చదవడంలోనే కష్టమంతా. అనంతవర్మ చోడగంగు 1078లో గద్దెనెక్కి దాదాపు డెబ్బయ్యేళ్లు ఏలాడు. యాభై దాటిన అంకె స్పష్టంగా కనబడితే అది ఆయనదేనని ధైర్యంగా అనొచ్చు, ఆ వంశంలో మరెవరూ అంతకాలం ఏలలేదు కనుక. అదే అంకె 4 అయినా, 12 అయినా, చోడగంగు మొదలు ఆ తర్వాత వచ్చిన వాళ్లలో ఎవరిదైనా కావచ్చు. పైగా తర్వాతి గంగుల కాలంలో అంక లెక్క ఒకటి వాడుకలో ఉంది. అందులో 1ని వదిలేస్తారు, 6తో ముగిసేవి వదిలేస్తారు, పదిని మినహాయించి సున్నాతో ముగిసేవీ వదిలేస్తారు. ఆ లెక్కలో 19వ అంకం అంటే అసలు 16వ ఏడన్నమాట. నాణెం మీది అంకెను ఏ లెక్కలో చదవాలన్నదే మరో సందేహం. ఆనాటి లిపిలో అరిగిపోయిన ఒక గీత మూడును రెండుగా చూపిస్తుంది. అయినా అమ్మే చీటీ మీద "చోడగంగు పణం" అని రాయడం సులువు, ఆ పేరుకున్న గిరాకీ వేరు. నంది ఉన్న ప్రతి చిన్న బంగారు బిళ్లకీ ఆ పేరు తగిలించడం నాకు న్యాయంగా తోచదు. "తూర్పు గంగుల పణం, అంకె సందిగ్ధం" అని రాస్తే నాణెం గౌరవానికి ఏ లోటూ రాదు.

ముఖలింగానికి దగ్గరలో, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు ఇక్కడ గుర్తుకొస్తారు. వాడుక భాష కోసం పోరాడినవారుగానే చాలామందికి తెలుసు. అంతకు ముందే ఆయన ముఖలింగం గోడల ముందు నిలబడి, గురువు లేకుండా, పాత లిపిని అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నారు. మన జిల్లాల్లో నాణేలు చదివే పనికి అంతకన్నా మంచి ఆదర్శం నాకు కనబడదు. చదవగలిగినంత చదవడం, చదవలేని చోటు ఖాళీగా వదలడం శాసనం చదివేవాళ్ల పద్ధతి. నాణెం అమ్మేవాళ్లకీ అదే పనికొస్తుంది.

శాలిహుండం వంటి బౌద్ధ క్షేత్రాల వైపు వెళ్తే సందేహం మరీ పెద్దది. ఒడిశా తీరం నుంచి ఇక్కడి దాకా దొరికే పూరీ కుషాణ రాగి నాణేల మీద అక్షరం ముక్క లేదు. కుషాణుల నాణేల మీది నిలబడ్డ మనిషి బొమ్మకు ముతక నకళ్లు అవి. ఎవరు పోయించారో తెలియదు. కాలం విషయంలో పండితుల అంచనాల మధ్య శతాబ్దాల తేడా ఉంది. ఇలాంటిదాన్ని "కనిష్కుడి నాణెం" అని అమ్మితే అది పొరపాటు కాదు, అబద్ధం.

దున్నేటప్పుడో, పునాది తవ్వేటప్పుడో దొరికినవైతే అమ్మకం మాటే ఎత్తకూడదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దాగిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే దొరికినవాడు కలెక్టరుకు తెలియజేయాలి. తెలియజేస్తే, సొత్తుకు యజమాని ఎవరూ తేలనప్పుడు, వేరే ఒప్పందం లేకపోతే మూడు వంతులు దొరికినవాడికి, ఒక వంతు భూమి యజమానికి వస్తాయి. ప్రభుత్వం తీసుకోదలిస్తే సొత్తులోని పదార్థానికి విలువ కట్టి, దాని మీద ఐదో వంతు అదనంగా చెల్లించాలి. దాచిపెడితే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు. ఈ నిబంధన దొరికినవాడి నోరు కొట్టేదని పల్లెల్లో ఒక నమ్మకం ఉంది. చదివి చూస్తే అలా లేదు. భయపడి రాత్రికి రాత్రి కంసాలి మూసలో పోయించినవాడే ఎక్కువ పోగొట్టుకుంటాడు. వాడితో పాటు చరిత్ర కూడా.

కంపెనీ కాలానికి వస్తే మనకు ప్రత్యేకంగా చెందిన రాగి నాణెం ఒకటుంది. శ్రీకాకుళం అప్పట్లో చికాకోల్ సర్కారు. 1765లో మొగలు పాదుషా ఫర్మానాతో ఉత్తర సర్కార్లు కంపెనీ చేతికొచ్చాయి. వాటి కోసం 1794లో, మళ్లీ 1797లో, ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలోని మాథ్యూ బోల్టన్ టంకశాలలో ఆవిరి యంత్రాలతో రాగి నాణేలు కొట్టించారు. ఒక వైపు కంపెనీ చిహ్నం, రూపాయికి 48 అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. చిన్నదాని మీద 96. అసలు 'డబ్బు' అంటే ఒకప్పుడు రాగి నాణెమే. ఇవాళ ధనమంతటికీ వాడుతున్న ఆ మాట అలాంటి రాగి బిళ్లలోంచే వచ్చింది. వీటిలో చిక్కేమిటంటే, చివరి అంకె అరిగితే 1794కీ 1797కీ తేడా పోతుంది. నాణెం ఏ జాతిదో తెలుస్తుంది గాని ఏ ఏటిదో తెలియదు. అప్పుడు రెండింటిలో తక్కువ ధర పలికేదిగానే లెక్కగట్టి, "ఏడు చదవడానికి వీల్లేదు" అని రాయాలి.

వెండి రూపాయలే మన ఇళ్లలో ఎక్కువ. 1840 అని వేసిన రూపాయలు కూడా 1862 దాకా అదే తేదీతో వచ్చాయి. రాణి తల చుట్టూ అక్షరాలు వరుసగా సాగినవి ఒక రకం, తలకు రెండు వైపులా విడిపోయినవి తర్వాతి రకం. ఆపైన బొరుసు వైపు దండలో కాయలు లెక్కపెట్టాలి. 28 ఉన్నవి వేరు, 34, 35 ఉన్నవి వేరు. నవ్వులాటగా అనిపించొచ్చు గాని, అచ్చు మారిందని చెప్పే సాక్ష్యం ఆ కాయలే. అమెరికాలో మోర్గాన్ డాలర్లు పోగుచేసేవాళ్లు కూడా ఇలాగే అచ్చుకో అంకె పెట్టి పట్టికలు తయారుచేసుకున్నారు. మన రూపాయలకు ఆ పని చేసినవాళ్లలో ఫ్రెడ్ ప్రిడ్‌మోర్ ముఖ్యుడు. ఆయన పట్టికలు చూడకుండా 1862 రూపాయికి రకం చెప్పేవాణ్ని నేను నమ్మను.

1911 నాటి అయిదో జార్జి రూపాయి కథ చాలామంది వినే ఉంటారు. రాజు దుస్తు మీది ఏనుగు తొండం పొట్టిదై పందిలా కనిపిస్తోందన్న గొడవతో, అచ్చయిన సుమారు 94 లక్షల్లో 7 లక్షలే బయటికి వచ్చాయి, మిగతావి కరిగించారు. ఇందులో రకం సందేహం లేదు. తేదీ కనబడితే చాలు. 1939 రూపాయి సంగతి అలా కాదు. అది అరుదు గనక వేరే ఏటి నాణెం మీద చివరి అంకె దిద్ది అమ్మేవాళ్లుంటారు. అక్కడ సందేహం రకానిది కాదు, నిజాయితీది. ఇలాంటిది చేతికొస్తే అంకె చుట్టూ లోహం గీరిన జాడ ఉందేమో చూడాలి. అచ్చంగా నమ్మకం కుదిరేదాకా అమ్మకూడదు, కొనకూడదు.

వెండి సంగతి ఎంతమందికి తెలుసో గాని, రూపాయి అంటేనే తులం ఎత్తు, 11.66 గ్రాములు. 1939 దాకా అందులో నూటికి దాదాపు 92 పాళ్లు వెండి. 1940 నుంచి సగమే వెండి, మిగతా రాగి, నికెలు, జింకు. 1947 రూపాయిలో వెండి బొత్తిగా లేదు, అది నికెలు. అయస్కాంతం దగ్గర పెడితే అతుక్కుంటుంది. కంసాలి కొట్లో కలగలిపి తూచేటప్పుడు ఈ మూడూ వేరుచేయకపోతే అమ్మినవాడో కొన్నవాడో నష్టపోక తప్పదు.

ఇక స్వతంత్ర భారతం నాణేలు. తేదీ కింద వజ్రపు గుర్తు ఉంటే ముంబయి, నక్షత్రం ఉంటే హైదరాబాదు, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఈ నాలుగో గుర్తుతోనే ఇబ్బంది. గుర్తు లేకపోవడమే గుర్తయినప్పుడు, అరిగి చెరిగిపోయిన నక్షత్రం కూడా కోల్‌కతాలాగే కనబడుతుంది. ఏదో ఒక ఏడు కోల్‌కతా నాణేలు అరుదని విని, అరిగిన ప్రతిదాన్నీ అలా అమ్మచూపేవాళ్లను చూశాను. చాలామంది తెలియకే చేస్తారు. వీటికి కాస్త ముందు, 1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లికానీల్లో కిరీటం ఆకారాన్ని బట్టి రకాలున్నాయి. అవి కంటికి సులువుగానే ఆనుతాయి. "తప్పు అచ్చు" పేరుతో వచ్చేవాటి విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. చిన్నప్పుడు ఆమదాలవలస దగ్గర రైలు పట్టాల మీద పది పైసలు పెట్టి సాగదీసిన గుంటలం మేమందరం. అలాంటివి ఇప్పుడు టంకశాల పొరపాట్లుగా అమ్మకానికి వస్తుంటే బాధగా ఉంటుంది.

ఫోన్లలో తిరిగే పుకార్లు ఈ మొత్తం వ్యవహారాన్ని పాడుచేశాయి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్లకు లక్షలొస్తాయని, 1947 నాణేనికి కోటి ఇస్తారని చెప్పి, ముందు పన్ను కట్టమని, కమీషను పంపమని అమాయకుల దగ్గర గుంజుతున్నారు. రిజర్వు బ్యాంకు తన పేరు, ముద్ర వాడి ఇలా చేస్తున్నారని 2021 ఆగస్టు 4న ప్రకటన ఇచ్చింది. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదని, ఎవరికీ అధికారం ఇవ్వలేదని చెప్పింది. అమ్మేవాడి దగ్గర ముందే డబ్బడిగేవాడు కొనుగోలుదారుడు కాడు. ఈ ఒక్క మాట ప్రతి ఇంట్లోనూ తెలియాలి.

మరో నష్టం మన వంటింట్లోనే జరుగుతుంది. అమ్మే ముందు మెరవాలని రాగి నాణేన్ని చింతపండుతో, వెండిదాన్ని కుంకుడు నురగతోనో పళ్ల పొడితోనో తోముతారు. దేవుడి సామానుకు అది సరే. నాణెం మీద ఏళ్ల తరబడి పట్టిన పొర పోతే సేకర్త ముఖం తిప్పేసుకుంటాడు. అన్నిటికన్నా ముఖ్యం, చుక్కలు, టంకశాల గుర్తుల వంటి సన్నని ఆనవాళ్లు ఆ తోమడంలోనే మాయమవుతాయి. తేలగలిగిన రకం శాశ్వతంగా తేలకుండా పోతుంది. దండలో గుచ్చడానికి కాడ అతికినవీ అంతే. సీతంపేట, పార్వతీపురం కొండల్లో ఆడవాళ్ల మెడలో రూపాయి దండలు చూసినప్పుడు మాత్రం, అవి నాణేలుగా కన్నా నగలుగానే విలువైనవని నాకనిపిస్తుంది. వాటిని అలాగే ఉండనివ్వాలి.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలో 15వ సెక్షను ప్రకారం వర్ణన చెప్పి అమ్మినప్పుడు సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. "1862, మూడు చుక్కలు" అని రాసి అమ్మితే మూడు చుక్కలుండాల్సిందే. "1862, రెండు చుక్కలు కనబడుతున్నాయి, మూడోది సందేహం" అని రాస్తే చెప్పిన మాటలో తప్పు లేదు. కాబట్టి సందేహం రాయడం అమ్మేవాడికి రక్షణే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 20వ సెక్షను ఇంకా ఆసక్తికరం. ఇద్దరూ ముఖ్యమైన వాస్తవం విషయంలో పొరబడితే ఒప్పందం చెల్లదంటూనే, విలువ గురించి తప్పు అంచనా వేయడం వాస్తవం గురించి పొరబడటం కిందికి రాదని వివరణ ఇచ్చింది. తక్కువకు అమ్మేశానని తర్వాత ఏడ్చి లాభం లేదన్నమాట. 17వ సెక్షను ఊరికే మౌనంగా ఉండటం మోసం కాదంటుంది, మాట్లాడే బాధ్యత ఉంటే తప్ప.

ఇక్కడే నాకు అభ్యంతరం. మేనత్త రూపాయిని పక్కన పెట్టి "బాగుంది" అన్నాయన చట్టం ప్రకారం తప్పు చేయలేదు. కాని కూతురి పెళ్లికో మనవరాలి చదువుకో పెట్టె తెరిచినవాళ్ల ముందు భూతద్దం పట్టుకున్నవాడు కూర్చున్నప్పుడు, ఆ ఇద్దరూ సమానులు కారు. నాణెం తెచ్చినవాళ్లు అతణ్ని వ్యాపారిగానే కాదు, తెలిసినవాడిగా నమ్మి వచ్చారు. అలాంటి చోట రకం చెప్పి ధర చెప్పడం అతని బాధ్యతని నేననుకుంటాను. తన లాభం తాను తీసుకోవచ్చు, ఎవరూ కాదనరు. ఎదుటివాడి అజ్ఞానాన్నే లాభంగా చేసుకోకూడదు.

మరి ధర? లెక్క కోసం అనుకుందాం. మామూలు రకం వెయ్యి, అరుదైనది పదివేలు, అరుదైనదయ్యే అవకాశం పదింట ఒకటి. కాగితం మీద సగటు వేస్తే 1,900 వస్తుంది. కొనేవాడు అంత ఇవ్వడు, ఇవ్వనక్కర్లేదు కూడా, సందేహం తేల్చే ఖర్చు, శ్రమ అతనివి కనుక. వెయ్యికి కాస్త పైన ఎక్కడో బేరం తెగడం న్యాయం. ఆ అవకాశం పదింట ఐదు అనిపిస్తే మాత్రం బేరం ఆపి తేల్చుకోవాలి. ఇద్దరు వేర్వేరు తెలిసినవాళ్లకు, ధర మాట ఎత్తకుండా చూపించాలి. ఒకరు చెప్పింది రెండోవాళ్లకు చెప్పకూడదు. విలువ నిజంగా పెద్దదయ్యే సూచన ఉంటే వేలం మంచి దారి. అక్కడ తెలిసినవాళ్లు ఒకరికొకరు పోటీ పడతారు కనుక అమ్మేవాడికి తెలియకపోయినా ధర తన చోటికి తాను చేరుతుంది. నాణేన్ని పరీక్షించి, పెట్టెలో మూసి పంపే గ్రేడింగు సంస్థల రుసుములు చిన్న నాణేలకు భారమే.

అమెరికాలో ఉన్న మేనల్లుడికి పంపి అక్కడ అమ్మించాలనే ఆలోచన మన ఇళ్లలో తరచూ వస్తుంది. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం పురావస్తువు. మామూలు మనిషి దాన్ని దేశం దాటించకూడదు. ఇక్కడ అమ్మేదాన్ని వ్యాపారంగా చేయాలన్నా లైసెన్సు కావాలి.

మా అత్త రూపాయిని చివరికి ఒక యువ సేకర్తకు అమ్మాం. బంగారు కొట్టు త్రాసులో తూయించి, బొమ్మ వైపు, బొరుసు వైపు, అంచు, తేదీ దగ్గరి భాగం వేరువేరుగా ఫొటోలు తీసి, ఒక చీటీ రాశాం. ఆ చీటీలో ఇలా ఉంది: "1862 రూపాయి, 11.58 గ్రాములు, తోమలేదు. తేదీ కింద రెండు చుక్కలు స్పష్టం. మూడో చుక్క ఉందో లేదో మాకు తెలియదు. మామూలు రకం ధరకే ఇస్తున్నాం. మూడు చుక్కలని ముందు ముందు తేలి, ఎక్కువకు అమ్మితే, వచ్చిన అదనంలో నాలుగో వంతు అమ్మినవాళ్లకు ఇవ్వాలి." ఆ చివరి వాక్యం కొన్న అబ్బాయే రాయించాడు. అత్త చూపు ఆనక, కింద వేలిముద్ర పెట్టింది.